తాలు కాయ

జూలూరుపాడులో బస్సెక్కి నా పక్కన కూర్చున్నాయనకు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉందట. నా పనేమిటని అడిగాడు. కంపెనీలు కరెంటు, డీజిల్ వాడి ఎంత కర్బనం గాల్లోకి వదులుతున్నాయో లెక్కగట్టి, ఎవరి బలవంతమూ లేకుండా అవే బయటపెట్టేలా సాయం చేస్తానన్నాను.

"ఎవరూ అడగకముందే మన పొగ మనం చెప్పుకునుడు ఏంది చెల్లె? పరువు పోదా?"

ప్రతిచోటా ఇదే ప్రశ్న. నా స్లైడ్లు ఎవరినీ ఒప్పించలేదు. మిరప చేలో పెరిగినదాన్ని, ఆ రోజు చిరాకులో చేను మాటే నోటికొచ్చింది.

"అన్నా, తెల్లబడ్డ తాలు కాయలు ఏరి, వేరే బస్తాల కట్టి తెచ్చిన రైతును మార్కెట్ల ఏమంటరు?"

"నిఖార్సైన మనిషంటరు. ఆయన మంచి బస్తాల చెయ్యి పెట్టి తవ్వరు."

"అవ్. ఇది గూడ గంతే."

ఆయన వెంటనే ఫోన్ తీసి, బస్సంతా వినబడేలా తన మేనేజరుతో అన్నాడు: "మన పొగ లెక్క తియ్యి. కరెంటే కాదు, జనరేటర్ తాగిన డీజిల్ గూడ రాయి. ఏదీ దాచకు. మన తాలు మనమే ఏరుదాం!"

ఏన్కూరులో దిగిపోయాడు. నేను ఆయన పేరైనా అడగలేదు. నాకు మాత్రం లేచి నిలబడి ఈల వేయాలనిపించింది.

ఇప్పుడు ఏ కంపెనీకి వెళ్లినా ముందు ల్యాప్‌టాప్ తెరవను. సంచిలోంచి ఒక తాలు కాయ తీసి బల్ల మీద పెడతాను.