ఏట్లో రెండు పిలుపులు

మొన్న డిసెంబరులో పులివెందుల్లో ఒక పెండ్లి చూసుకొని మా మనవడి కారులో జమ్మలమడుగుకు వస్తున్నాం. పెన్న దగ్గరికి వచ్చేసరికి మంచు కమ్మేసింది. దారి కనబడక వాడు హారన్ మీద హారన్ కొడుతుంటే నేను రెండు చెవులూ మూసుకున్నాను. "ఏంది జేజీ, చలా?" అన్నాడు. ఆఁ, చలే అన్నాను. కారు తోలే పిల్లోనికి ఏట్లో జరిగిన సంగతి ఏం చెప్పేది!

అప్పుడు నేను నాలుగో తరగతి. చలికాలం సెలవులకు పులివెందుల్లో మా అవ్వ దగ్గర చేరి, కాల్చిన శనక్కాయలూ జొన్నరొట్టెలూ తిని దూడ మాదిరి బలిసినాను. మా అవ్వకు లేని పట్టింపు లేదు. అన్నిట్లోకీ పెద్దది, పొద్దు పొడవకముందు ఎవరు పిలిచినా మూడోసారికి గాని పలకగూడదు. దయ్యం రెండుసార్లే పిలుస్తుందంట, మూడోసారి పిలిచేది మనిషేనంట. ఆ పుణ్యానికి పాలామె రోజూ మా వాకిట్లో గొంతు చించుకునేది. మూడో కేక అయినాక గాని చెంబు బయటికి పోయేది కాదు.

సెలవుల ఆఖరి రోజు సాయంత్రం మామ బండి కట్టినాడు. జమ్మలమడుగులో మా ఇంట్లో నన్ను దిగబెట్టడానికి అవ్వ కూడా ఎక్కింది. కంబళి కప్పుకొని అవ్వ ఒళ్లో నిద్రపోయి, మళ్లీ కండ్లు తెరిచేసరికి బండి ఏటి ఒడ్డున నిలబడింది. ఇంకా తెల్లారలేదు. పాల మీగడ మాదిరి మంచు. ఎద్దుల కొమ్ములు కూడా కనబడలేదు. వానలు పడిన ఏడాది పెన్న ఇసకలో ఊబి ఉంటుంది. అందుకని మామ కర్ర తీసుకొని, గట్టి దోవ చూసి కేకేస్తానని ముందుకు పోయినాడు.

శానా సేపటికి మంచులోంచి "ఓ...య్" అని వినబడింది. మామేననుకొని నేను పలకబోతే అవ్వ నా నోరు మూసింది. "పలకగాకు. ఇంకా రెండుండాయి." మళ్లీ "ఓ...య్" అని వచ్చింది, ఈసారి సన్నగా. అవ్వ నా నోటి మీది చెయ్యి తియ్యలేదు. కన్నకొడుకు ఏట్లో ఉన్నాడు, పాపం ఆమెకు మాత్రం ప్రాణం కాదా! "ఇంగొక్కసారి పిలువు నాయనా, ఇంగొక్కసారి" అని గొణుక్కుంటానే ఉంది. మూడో పిలుపు రాలేదు.

నాకు ఏడుపు తన్నుకొచ్చే వేళకు బండి వెనకవైపు నుంచి మామ వచ్చినాడు. "నేను పిలవలేదమ్మా. నేనూ ఆ కేకలు ఇన్యా. రెండే గదా అని పలకలేదు" అన్నాడు. "నా కొడుకువనిపించుకుంటివి!" అని అవ్వ వాని తల నిమిరి, దయ్యాన్ని నోటికొచ్చినట్లు తిట్టింది. మామ చూసొచ్చిన దోవలో నవ్వుకుంటానే ఏరు దాటినాం.

జమ్మలమడుగు వైపు ఒడ్డున ఒకామె చేతిలో మూట పట్టుకొని నిలబడి ఉంది. జమ్మలమడుగులో గిన్నెలకు కళాయి పూసే సాయిబు భార్య. "అవ్వా, మా ఆయన ఎదురైనాడా? పల్లెలకు పోతా సద్ది మర్సిపోయినాడు. ఇందాకనే ఏట్లో దిగినాడు" అనింది.

మామ కర్ర ఎత్తుకొని మళ్లీ ఏట్లోకి ఉరికినాడు. అవ్వ బండి దిగి, మోకాటి లోతు నీళ్లలోకి పోయి "ఓ నాయనా! ఓ అప్పా!" అని పిలవడం మొదలుపెట్టింది. మూడు కాదు, ఎన్నిసార్లు పిలిచిందో. పొద్దెక్కి మంచు విడిపోయేదాకా పిలుస్తానే ఉంది. ఊబి పక్కన ఆయన కొలిమి ఊదే తోలుతిత్తి ఒక్కటే దొరికింది.

ఆ తర్వాత అవ్వ బతికినన్నాళ్లూ ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే లేచి పరిగెత్తేది. రానురాను ఎవరూ పిలవకపోయినా చీకటితోనే తలుపు తీసి, "వస్తాండానప్పా, వస్తాండా" అనేది. పిచ్చిదైపోయిందన్నారు ఊళ్లో. కాదని నాకు తెలుసు. కాలం అన్నిటినీ మరిపిస్తుందంటారు గానీ, మూడో పిలుపు కోసం కాచుకున్న ఆ పొద్దు మా ఇద్దరికీ తెల్లారనే లేదు.