దర్జీ అక్క మేడగది

మేడమీద కుట్టుగది వేసుకోవాలని దర్జీ అక్క ముచ్చటపడింది. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కొలతలన్నీ నోటికొచ్చిన మనిషి కదా, తనే టేపు పట్టి ప్లాను గీసింది. అంగుళం తేడా లేదు. అనుమతి కోసం పట్టుకెళ్తే, మున్సిపల్ ఆఫీసు గుమాస్తా దాన్ని చిత్తుకాగితంలా పక్కకి నెట్టి, "ఇంజనీరు ముద్ర ఏదమ్మా?" అన్నాడు.

ఆ ముద్ర ఉన్న మహానుభావుడు ఇంటి గడపైనా తొక్కలేదు. ఎవరిదో పాత ప్లాను తీసి, పేరు మార్చి, ఠపీమని ముద్ర గుద్దాడు. అందులో మెట్లు తిన్నగా పక్కింటి వంటింట్లోకి దిగుతున్నాయి! దాన్నే ఆఫీసులో ముగ్గురు కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూసి సంతకాలు చేశారు.

అక్క మాత్రం తను గీసుకున్నట్టే కట్టించింది. తనిఖీకొచ్చిన అధికారి మొహం చిట్లించాడు.

"ప్లానులో మెట్లు ఎడమవైపున్నాయి. ఇవి పడగొట్టి అటు కట్టుకోమ్మా."

"అటు పక్కింటివాళ్ళ వంటిల్లుంది సార్."

"అదంతా నాకు తెలీదు. పాసైన ప్లాను ఇదే."

అక్క మెడలో టేపు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మేం ఒళ్ళు కొలిచి చొక్కా కుడతాం సార్. మీరేమో చొక్కా కుట్టేసి, ఒళ్ళు కోసుకోమంటున్నారు."