కంటికి అందని గీత

మొన్న మా వీధిలోకి కళాయి వేసే అతను వచ్చాడు. కొలిమి మీద ఎర్రగా కాగిన ఇత్తడి గిన్నెలో నవాసారం చల్లి రుద్దగానే తెల్లని పొగ లేచింది. కిటికీలోంచి ఆ ఘాటు ముక్కుకు తగలగానే చేతిలోని పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో కాసేపటికి గాని తెలియలేదు. ఖాసిం సాబ్ గదిలో ఇలాంటి ఘాటే ఉండేది. ఆ గదిలో ఎవరూ కూర్చోగా నేను చూడలేదు.

నైజాం రాజ్యం ఇంకా ఉన్న రోజులవి. నారాయణఖేడ్ బడిలో నేను కొత్తగా లెక్కల మాస్టరునయ్యాను. ఖాసిం సాబ్ సైన్సు చెప్పేవారు. అంతకుముందు పట్నంలో ఒక వేధశాలలో ఫోటో ప్లేట్లు తయారు చేసేవారట. ఎరుపుకు అవతల మన కంటికి కనిపించని వెలుగొకటి ఉందనీ, దాన్ని పరారుణం అంటారనీ నాకు చెప్పింది ఆయనే. మామూలు ప్లేటు ఆ వెలుగును సరిగా పట్టదు. అందుకోసం చేసిన ప్లేటును అమ్మోనియా నీళ్ళలో ముంచి ఆరబెడితే బాగా పడుతుంది, కానీ ఎక్కువ రోజులు నిలవదు.

“జల్దీ తలుపెయ్యి నర్సింలూ! గిది ఇయ్యాల్ల మంచిగుంటది, రెండొద్దులైతే ఖరాబైతది” అని నాతో అంటూ ఆ ఇరుకు గదిలోనే అటూ ఇటూ తిరిగేవారు. సంపూర్ణ గ్రహణం చూడబోయే బృందమేదైనా తనను మళ్ళీ పిలుస్తుందని ఆయన ఆశ. ఉత్తరాలు రాస్తూనే ఉండేవారు. జవాబు వచ్చిన గుర్తు నాకు లేదు.

ఒకసారి మా ఊళ్ళో పాక్షిక గ్రహణం పట్టింది. బడి ఆవరణలో దుర్బీను పెట్టి సూర్యబింబం తెల్ల కాగితం మీద పడేట్టు చేశారు. బింబం అంచు ఎప్పుడు తరగడం మొదలవుతుందో గడియారం చూసి రాయడం నా పని. అంతలో దారిన పోతున్న ఒక ముసలమ్మ గేటు దగ్గర ఆగి కేకేసింది: “గ్రాణం వట్టంగ బయటేం పని సారూ? లోపటికి పోరాదుండ్రి!” నేను అటు తిరిగి ఏదో చెప్పి మళ్ళీ చూసేసరికి అంచు అప్పటికే తరిగి ఉంది. అర నిమిషం తగ్గించి వేళ రాసేశాను.

“చూసినవా?” అన్నారు సాబ్.

“దాదాపుగా.”

“చూసినవా, లేదా?”

“చూడలే.”

“అయితే చూడలేదని రాయి.”

అందరి ముందూ అన్నందుకు నాకు ఉక్రోషం వచ్చింది. అర నిమిషానికి ఇంత రాద్ధాంతమా అని సాయంత్రం ఆయన్నే అడిగాను. అప్పుడు చెప్పారు.

ఓడెక్కి వారాల తరబడి ప్రయాణం చేసి, ఎక్కడో దీవిలో, సూర్యుడు పూర్తిగా మూసుకుపోయే ఆ కొద్ది నిమిషాల కోసం వేధశాల బృందంతో ఆయన వెళ్ళారు. అప్పుడు మాత్రమే సూర్యుని చుట్టూ కరోనా అనే తెల్లని వెలుగు కనబడుతుంది. దాన్ని రంగులుగా విడదీసి, కనబడని పరారుణంలో ఏ గీతలున్నాయో పట్టుకోవాలి. సాబ్ నల్లగుడ్డ కింద తలపెట్టి ప్లేట్లు మార్చారు. కరోనాను కళ్ళతో చూడనే లేదు. ప్లేటు కడిగితే సన్నని గీత ఒకటి వచ్చింది. బృందాన్ని నడిపే పెద్దాయన ఎగిరి గంతేశాడు. సాబుకు మాత్రం మనసొప్పలేదు. తను ఆత్రంలో సరిగా ముంచని ప్లేట్లు కొన్ని ఉన్నాయి. వాటిలో అసలు వెలుగే తగలని ఒకదాన్ని కడిగి చూస్తే, దాని మీదా అలాంటి చారే ఉంది.

“తప్పు నాదని చెప్పిన. గా గీతను నమ్మొద్దన్న. నౌకరీ పోయింది, గిటొచ్చిన.”

కొన్నాళ్ళకు ఒక పాత పత్రిక చేతిలో పట్టుకొని చెమటలు కక్కుతూ మా ఇంటికొచ్చారు. విదేశంలో ఎవరో కొండమీద నుంచి, గ్రహణం లేకుండానే, కరోనా పరారుణ గీతలు పట్టారట. వాటిలో ఒకటి సాబ్ ప్లేటు మీద గీత పడిన చోటే ఉంది.

“అయితే మీ ప్లేటు మీది గీత నిజమే సాబ్!” అన్నాను సంతోషంతో.

ఆయన గడప దగ్గరే అటూ ఇటూ నడిచారు. “గీత ఉన్నది నిజం. నాకు కనబడ్డది గదేనా? ఎట్ల చెప్పాలె? ఇగ ఎన్నడు తెల్వది నర్సింలూ.” ఆ ముఖంలో ఏడుపో నవ్వో నాకర్థం కాలేదు. ఆ ఎండల్లోనే జ్వరమొచ్చి బీదరు దవాఖానకు పోయారు, తిరిగి రాలేదు.

మరుసటేడు కంగ్టి దగ్గర ఒక దొర కందికుప్ప కాలిపోయింది. నిప్పు పెట్టింది తన జీతగాడు సాయిలేనని దొర అన్నాడు. ఆ దారిన పోతూ మంటను చూసినవాణ్ణి నేను. సాయిలును కూడా చూశానని సంతకం పెట్టమన్నారు పోలీసులు.

“మనిషి ఉరుకుతుంటే చూసిన. సాయిలో కాదో చూడలే” అన్నాను.

“గా మాత్రం ఆనవాలు పట్టలేవా, సారూ?” అని పోలీసు అమీను గద్దించాడు. నేను మాట మార్చలేదు. సాయిలును వదిలేశారు. నన్ను నాగల్‌గిద్దకు బదిలీ చేశారు. ఊరు దాటేటప్పుడు సాయిలు నా బండి వెనక కొంతదూరం నడిచి దండం పెట్టాడు. నేను తల తిప్పుకున్నాను. నిప్పు పెట్టింది అతనే అయి ఉండవచ్చు. ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. తెలియదన్న ఆ మాటతో బతకడం ఎంత కష్టమో, దాన్ని వదిలిపెట్టకుండా ఎలా బతకాలో మాత్రం తెలుసు.