జబ్బ ఎముక వదిలేదాకా

పోయిన నెల మా తోడికోడలు చనిపోయింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. కబురు తెచ్చినవాడు గడప దగ్గర నిలబడి, "గా ఊరి కడుపు చెడగొట్టిన ముసలామె పోయిందట" అన్నాడు. పోయిన మనిషికి ఇంకో గుర్తే లేనట్టు.

నాకు రాత రాదు. మనవరాలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాయమన్నాను, మెత్తగా చేయొద్దన్నాను. మా అక్క ఎవరి కడుపూ చెడగొట్టలేదు.

జొన్న చేలమీద పడ్డ అడవిపందిని కొడితే, ముందుకాలి జబ్బ అక్క చేతికే వచ్చేది. ఉప్పు, పసుపు, కారం, ఎల్లిపాయ రుద్దేది. గుంతలో నిప్పులు పరిచి, పైన పచ్చికట్టెలు అడ్డంగా పేర్చి, వాటిమీద జబ్బ పెట్టి మోదుగాకులూ తడి గోనెసంచీ కప్పేది. తెల్లారి మొదలుపెడితే పొద్దుగూకేదాకా పొగలోనే. మంట లేస్తే తిట్టేది.

పై రంగు చూసి ఏనాడూ తీయలేదు. జబ్బలో చేటలా వెడల్పైన ఎముక ఉంటుంది. దాని కొసను రెండు వేళ్ళతో పట్టి తిప్పేది. బిగుసుకుంటే మళ్ళీ కప్పేది. మధ్యాహ్నం దాటాక మాంసం ఎంతసేపటికీ మెత్తబడదు, మొండికేసి నిలిచిపోతుంది. ఒకసారి నేను తాళలేక నిప్పులు ఎగదోయబోతే చేతిమీద ఒక్కటేసింది.

"అది అలిగింది. అలిగినదాన్ని గదుమకు. ఎముక తనంతట తాను వదలాలె."

ఇప్పటికి నలభై ఏళ్ళ కిందట, రజాకార్ల గొడవ సద్దుమణిగిన ఏడాది, మా ఆడబిడ్డ పెళ్ళి. మాలో మొదటి ముక్క కులపెద్దకు పెట్టాకే మిగతావాళ్ళకు విస్తరి వేస్తారు. ఆయన గుంత దగ్గరికి వచ్చాడు.

"ఓ కోడలా, ఇంకెంతసేపు? పెళ్ళోళ్ళు బండ్లు కడుతున్నరు."

"ఎముక వదల్లే మామా."

"ఎముక నేను తింటనా? నల్లగైంది, కండ్లు లేవా?"

"కండ్లతోని సూసేది కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన గోనెసంచి తానే లాగేసి, ఇద్దరి చేత జబ్బ తీయించి ముక్కలు కొట్టించాడు. ఎముక పక్కన ఎర్రగా ఉంది. "లోపల పచ్చిగున్నది, పెట్టకుండ్రి" అని అక్క చేతులు అడ్డం పెట్టింది. పక్కకు నెట్టారు. ఆయన మాత్రం పైన కాలిన ముక్క తిని బాగుందన్నాడు.

తెల్లారేసరికి పెళ్ళివారిలో సగంమందికి వాంతులు, విరేచనాలు. పంచాయతీ పెట్టారు. తీయించిన మనిషే మంచంమీద కూర్చుని తీర్పు చెప్పాడు: "గామె చెయ్యి మంచిది కాదు. ఇగ పండుగ పొయ్యి ముట్టొద్దు."

నేను అక్కడే ఉన్నాను. అంతా చూశాను. నా మొగుడు "నీకెందుకు" అని మోచేయి పట్టి నొక్కితే కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇప్పుడు నన్ను నోరుగల్లది అంటారు. కావలసిన రోజున ఆ నోరు లేవలేదు.

ఆ తర్వాత కూడా అక్క ప్రతి పెళ్ళికీ వచ్చింది. పొయ్యికి దూరంగా కూర్చుని ఎల్లిపాయలు వలిచేది. గాలి ఇటు తిరిగితే వాసన పట్టి, "తొందరపడ్డరు" అని నాకొక్కదానికే వినిపించేలా అనేది. నన్ను మాత్రం ఒక్కనాడూ ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

చనిపోయినవాళ్ళకు ఇష్టమైనది పదోరోజు ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా ఆగుతాం. అక్క వాకిట్లోనే గుంత తవ్వించాను. అడవిపంది జబ్బ పెట్టాను. కులపెద్ద కట్టె పట్టుకుని వచ్చి మంచంమీద కూర్చున్నాడు. పొద్దు నడినెత్తి దాటింది.

"ఏమే, ఇంక కాలేదా? వాసన గుమగుమ వస్తున్నది."

"కూసో మామా," అన్నాను, వాకిలంతా వినేటట్టు. "ఆనాడు మా అక్క వద్దన్నా నువ్వే గుంజి తీయించినవ్. ఊరి కడుపు చెడగొట్టింది నువ్వు. ఇయ్యాల ఎముక వదిలినంకనే తీసేది."

ఆయన నవ్వబోయి అందరి మొహాలూ చూశాడు. ఈసారి ఎవరూ తోడు నవ్వలేదు. లేచి పోదామంటే మొదటి ముక్క పోతుంది. కూర్చున్నాడు.

పొద్దు వాలాక కొస పట్టి తిప్పాను. ఎముక నా చేతిలోకి వచ్చేసింది. తెల్లగా, ఒక్క పోగు మాంసం అంటకుండా. మొదటి ముక్క అక్క ఆకులో పెట్టాను. కాకి వచ్చి ముట్టేదాకా కులపెద్ద ఖాళీ విస్తరి ముందు కూర్చునే ఉన్నాడు.

అక్కను ఇంకా ఆ మాటతోనే పిలిచేవాళ్ళుంటే నా ఇంటికి రావాలి. ఆ ఎముకను నా పొయ్యి పైన చూరులో దోపాను. పొగకు రోజురోజుకీ పసుపెక్కుతోంది.