బక్కన్న కంప్యూటరుకు నేను ఎంచిన విడిభాగాలు

1998 జూన్‌లో నన్ను మాజ్రి గని నుంచి మహారాష్ట్రలోని చంద్రపూర్ పక్కనున్న పద్మాపూర్ బొగ్గు గని కార్యాలయానికి అసిస్టెంట్ ప్రోగ్రామరుగా బదిలీ చేశారు. హోదా పేరు పెద్దదేగానీ విభాగమంతా ఒకటే గది. దాన్ని ఈడీపీ అనేవాళ్లం. నాలుగు కంప్యూటర్లు, గోల చేసే ఒక లైన్ ప్రింటరు, ఇద్దరు ఆపరేటర్లు, నేను. కార్మికుల హాజరు, ఓవర్‌టైము ఎక్కించి జీతం చీటీలు అచ్చువేసి ఇవ్వడం మా పని. అది కాక, గనికి ఏ కంప్యూటరు కొనాలన్నా సాంకేతిక పట్టిక వేసేది నేనే. ఏ భాగం ఎంత శక్తిది కావాలి, ఎందుకు కావాలి, మూడు కొటేషన్లలో ఎవరిది తక్కువ అని గడులు గీసి రాసే కాగితమది. ఆ పట్టికలు వేయడంలో నా అంతవాడు చుట్టుపక్కల గనుల్లో లేడని నాకు గట్టి నమ్మకం. ఆడిట్ వాళ్లు తలకిందులుగా పట్టుకుని చూసినా అందులో తప్పు దొరికేది కాదు.

అప్పటి రోజులు వేరు. ఆరునెలలకో కొత్త ప్రాసెసర్ వచ్చేది. దిగుమతి సుంకం తగ్గినప్పుడల్లా ధరలు దిగేవి. నిన్న పదివేలున్న వస్తువు ఏడాది తిరిగేసరికి ఐదువేలకు వస్తుంటే, అన్నీ ఒకేసారి కొనేవాణ్ణి మా వృత్తిలో తెలివితక్కువవాడి కింద జమకట్టేవాళ్లం. పునాది గట్టిది కొను, అంటే మదర్‌బోర్డు కొత్త రకంది తీసుకో, మిగతావి చవకయ్యాక ఒక్కొక్కటీ తగిలించుకో. ఇదే మా పద్ధతి. నేను దాన్ని నెత్తిన పెట్టుకుని మోశాను.

ఆ వానాకాలంలో ఒక మధ్యాహ్నం భోజనం ముగించి వచ్చేసరికి మా ఆపరేటర్లిద్దరూ ఆఫీసు కంప్యూటరు మీద కార్ల పందెం ఆట ఆడుతున్నారు. ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ. నేను కేకలేశాను. జీతాల మెషిన్ మీద ఈ వేషాలేంటని తిట్టి సీడీ లాక్కుని సొరుగులో పడేశాను. వాళ్ల వెనకాల హాజరు పట్టీల కట్ట చంకలో పెట్టుకుని బక్కన్న నిలబడి ఉన్నాడు. తిట్లు తనకు కాదన్నట్టు తెర వైపే చూస్తున్నాడు.

బక్కన్నది రాజురా దగ్గరి పల్లె. మావాళ్లలాగే అక్కడ తరాలుగా వ్యవసాయం చేసుకునే తెలుగు కుటుంబం. నాకంటే ఆరేడేళ్లు పెద్దవాడు. పదిహేనేళ్లు డంపర్ ఆపరేటరుగా చేశాడు. డంపరంటే నేల పైనుంచి తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గనిలో మట్టి, బొగ్గు మోసే ఇంటంత లారీ. అది ఎక్కి దిగే దారికి ఒకపక్క గోడ, ఒకపక్క లోయ. ఆయనకు రేచీకటి మొదలైంది. రెండేళ్లపాటు తోటివాళ్లతో షిఫ్టులు మార్చుకుంటూ ఎవరికీ తెలియనివ్వలేదు. చివరికి వైద్యపరీక్షలో పట్టుబడ్డాడు. కంటి వెనకపొర అంచుల నుంచి లోపలికి ఎండిపోతూ వచ్చే జబ్బట, మందు లేదు. డ్రైవింగు నుంచి తప్పించి, హాజరు రాసే టైమ్ ఆఫీసులో వేశారు. అక్కడి పట్టీలు మా గదికి మోసుకు రావడం ఆయన పని. తప్పించడం న్యాయమే, ఆయన కూడా ఒప్పుకున్నాడు.

మర్నాడు పట్టీలిచ్చి వెళ్లకుండా నిలబడ్డాడు. ఏం బక్కన్నా అన్నాను.

"సాబ్, గసొంటి డబ్బ నాకొకటి గావాలె. ఎంతల వస్తది?"

నేను నవ్వాను. పిల్లలు ఆడుకునేది నీకెందుకన్నాను.

"నవ్వకుండ్రి సాబ్. నాకు నడుమ మట్టుకే కనబడ్తది, పక్కలకు ఏం లేదు. రోడ్డు మీద నడుస్తే మనుషులు తాకుతుండ్రు. గానీ నిన్న సూసిన. గా తెర మొత్తం నా కంట్ల వట్టింది, అంచులు సుత! గా డబ్బలనన్న బండి నడుపుత. నాగ్‌పూర్ డాక్టర్ ఏడాదా రెండేండ్లా ఏం జెప్పరాదన్నడు. గా నడుమది గుడ వోకముందుగాల నడుపుకోవాలె."

నాకు నవ్వు ఆగిపోయింది. ఆయనకు పిల్లల్లేరు, తాగుడు లేదు, చీట్లపేక లేదు. ఉన్నదల్లా బండి నడపడం ఒక్కటే. నడపలేనని ఇంట్లోని మోటారు సైకిల్ కూడా అమ్మేశాడు. ఆ పైకం, దాచుకున్నది కొంత కలిపి ముప్పై వేలు. అంతకు మించి ఒక్క రూపాయి లేదన్నాడు. అప్పట్లో ఆటలకు పనికొచ్చే కంప్యూటరుకు అది చాలీచాలని మొత్తం.

నేను వెంటనే కాగితం తీసి పట్టిక గీశాను. ఇంటి కంప్యూటరుకు ఎవరైనా మూడు కొటేషన్లు తెప్పిస్తారా? నేను తెప్పించాను. పెద్ద పోటుగాణ్ణి కదా!

ఆగస్టులో ఒక ఆదివారం ఇద్దరం పొద్దుటి బండికి నాగ్‌పూర్ వెళ్లాం. స్టేషన్లో జనం మధ్య నడిచేటప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. సీతాబర్డీ బజారులో విడిభాగాలమ్మే దుకాణంలో ఒక కంప్యూటరు నడుస్తోంది, అందులో త్రీడీ కార్డు ఉంది. ఆటల్లో బొమ్మ వేసే భారమంతా ప్రాసెసర్ మీద పడకుండా విడిగా మోసే కార్డు అది, మా ప్రాంతానికి అప్పుడే కొత్త. దుకాణదారు మరాఠీ మనిషి, మర్యాదస్తుడు. బక్కన్నను కూర్చోబెట్టి కార్ల ఆట పెట్టాడు.

ఒక్క చుట్టు అలవాటు కావడానికి పట్టింది. రెండో చుట్టు నుంచి కారు ఎక్కడా కంచెను తాకలేదు. మలుపుకు ముందే వేగం తగ్గించడం, మలుపు మధ్యలో పెంచడం, అంతా డంపర్ నడిపిన చెయ్యే. కొనడానికి వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. ఎక్కడ నేర్చుకున్నావు కాకా అని దుకాణదారు అడిగితే, "ఖదానీత్" అన్నాడు, గనిలో అని. అందరూ నవ్వారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

దుకాణదారు ముప్పై వేలకు సరిపోయేట్టు ఒక జాబితా చెప్పాడు. పాత రకం బోర్డు, చవక ప్రాసెసర్, పద్నాలుగు అంగుళాల మానిటరు, త్రీడీ కార్డు. ఆటలకైతే ఇదే సరైనదన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆ రకం బోర్డు మీద ఇంకెప్పటికీ కొత్త ప్రాసెసర్ ఎక్కదు. నా పట్టికలో కొత్త రకం బోర్డు, మెరుగైన ప్రాసెసర్, రెట్టింపు మెమరీ ఉన్నాయి. అవి తీసుకుంటే కార్డుకు డబ్బు మిగలదు. నీకు సరుకు అమ్ముడుపోతే చాలు, రేపు మా మనిషి ఏమైనా నీకేమని అతణ్ణి నలుగురిలో గద్దించాను.

"సాబ్, నాకు గిదే మంచిగ నడుస్తున్నది," అని బక్కన్న మెల్లగా అన్నాడు.

"రెండేండ్లల్ల గిది చెత్తల వోతది బక్కన్నా. పునాది మంచిగుండాలె. కార్డు వచ్చే యేడు సగం ధరకే వస్తది, అప్పుడు వెడ్దాం."

"వచ్చే యేడా?"

"యేడెంత, గిట్ల తిరుగుతది!"

ఆయన కాసేపు తెర వైపు చూసి లేచాడు. "మీకెర్క సాబ్. నాకేం దెలుసు," అన్నాడు. పదిహేనేళ్లు పై అధికారి మాటకు తలూపిన మనిషి. నేను ఆ తలూపడాన్ని అంగీకారమనుకున్నాను. ఇప్పటికీ గుర్తొస్తే నా మీద నాకే మంట. ఒక్క విషయంలో మాత్రం ఆయన పట్టుబట్టాడు. ఇంకో వెయ్యికి పెద్ద మానిటరు ఇస్తానని దుకాణదారు అన్నా, పెద్దది తన కంట్లో పట్టదని చిన్నదే తీసుకున్నాడు. ఆ రోజు సరిగ్గా ఎంచిన భాగం అదొక్కటే, ఎంచింది ఆయన.

కంప్యూటరు ఆయన క్వార్టర్లో నేనే బిగించాను. చాలా బాగా బిగించాను. తీగలన్నీ కట్టగట్టి, పెట్టె లోపల భవిష్యత్తుకు ఖాళీలు ఎక్కడెక్కడున్నాయో ఆయనకు, ఆయన భార్య పోసక్కకు చూపించాను. ఆట మాత్రం నాగ్‌పూర్‌లో చూసినట్టు నడవలేదు. కార్డు లేకపోవడంతో రోడ్డు గరుకు గళ్లలా కనబడేది, మలుపుల్లో బొమ్మ ఆగి ఆగి దూకేది. మామూలు కళ్లున్నవాడు సర్దుకుంటాడు. ఆయన చూపు మధ్యలో ఉన్న చిన్న గుండ్రంలోనే ఉంది. బొమ్మ దూకినప్పుడల్లా కారు ఆ గుండ్రంలోంచి జారిపోయేది, మళ్లీ వెతుక్కోవాలి. ఎట్లుంది బక్కన్నా అని అడిగితే, "నడుస్తుంది సాబ్, మంచిగనే ఉన్నది" అనేవాడు.

దీపావళి ముందు వెళ్తే కుర్చీ బల్లకు నాలుగడుగుల దూరంలో ఉంది. కీబోర్డు తీగ అందడం లేదని ఒళ్లో పెట్టుకోలేక ముందుకు వంగి ఆడుతున్నాడు. నేను మర్నాడే చంద్రపూర్ బజారుకు వెళ్లి పొడుగు తీగ తెచ్చి వేశాను. సంక్లిష్టమైన సమస్యను పది నిమిషాల్లో తేల్చానని పొంగిపోయాను కూడా. కుర్చీ ఎందుకు వెనక్కి జరిగిందో ఆలోచించలేదు. చూపు ఇరుకైనకొద్దీ తెర మొత్తం పట్టాలంటే దూరం జరగాలి. జరిగినకొద్దీ బొమ్మ చిన్నదవుతుంది, ఆ గరుకు గళ్లలో ఏదీ ఆనదు. జనవరిలో పోసక్క చెప్పింది, "కుర్సీ ఎనుకకు జరుపుతనే ఉంటడు సాబ్. గింత ఇల్లు, ఇంకేడికి జరుపుతడు? గోడకు తాకింది."

అయ్యో అన్నాను. ఫిబ్రవరి ఆఖరున కొత్త బడ్జెట్ వస్తుంది, సుంకం ఇంకా తగ్గుతుంది, మరో రెండు మూడు నెలలు ఆగితే చాలని కూడా అన్నాను.

1999 మే నెలలో కార్డు ధర నేను చెప్పినట్టే సగమైంది. నా అంచనా కొంచెం కూడా తప్పలేదు. బక్కన్న ఇచ్చిన డబ్బుతో తెప్పించి ఆదివారం పొద్దున్నే వాళ్ల క్వార్టరుకు పట్టుకెళ్లాను. అప్పటికి ఆయన పట్టీలు తేవడం మానేసి రెండు నెలలైంది, సెలవులో ఉన్నాడు. గుమ్మంలో నా గొంతు విని, "రాండ్రి సాబ్, తెచ్చిండ్రా?" అని లేచాడు. కుర్చీ గోడకు ఆనించే ఉంది.

ఆ రోజుల్లో ఈ కార్డు మామూలు పనులకు బొమ్మ చూపించదు. ఆట మొదలైనప్పుడే పనిలోకి దిగుతుంది. అందుకని మానిటరు తీగను పాత కార్డు నుంచి తీసి దీనికి తగిలించాలి, రెండు కార్డులనూ ఒక చిన్న తీగతో కలపాలి. నేను కార్డు బిగించి, సాఫ్ట్‌వేరు ఎక్కించి, తొందరలో మానిటరు తీగ మార్చడం మరిచాను. ఆట పెట్టాను. ఇంజను మోత వచ్చింది, తెర నల్లబడి అలాగే ఉండిపోయింది. తప్పు వెంటనే తెలిసింది. ఆగు బక్కన్నా అనబోయాను.

ఆయన అప్పటికే మీటలు నొక్కుతున్నాడు. గోడకు ఆనుకుని, మెడ ముందుకు చాచి, ఆ నల్లటి తెర వైపే చూస్తూ, "అబ్బ, సాఫుగ వోతున్నది సాబ్!" అన్నాడు. "షాపుల సూసినట్టే ఉన్నది. మీరు జెప్పిందే నిజం."

పోసక్క తెర వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నేను బల్ల వెనక్కి వెళ్లి తీగ మార్చాను. బొమ్మ వచ్చింది, నిజంగానే నాగ్‌పూర్‌లో ఉన్నంత నున్నగా వచ్చింది. కారు కంచెలో ముక్కు గుచ్చుకుని ఉంది, చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి. బక్కన్న చేతుల్లో ఏ మార్పూ లేదు. ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు నొక్కుతూనే ఉన్నాడు.

"సాఫుగ వోతున్నది గద సాబ్?"

"వోతున్నది బక్కన్నా," అన్నాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను, వందల కంప్యూటర్లు కొనిపించాను. బక్కన్న మొదటి రోజే నాకు రెండు హద్దులు చెప్పాడు, ఒకటి డబ్బుది, ఒకటి కాలానిది. డబ్బు హద్దును అక్షరం పొల్లుపోకుండా పాటించి, రెండోదాన్ని మాట వరసకు విన్నాను. విడిభాగాలు ఎంచేవాడు వాడే మనిషికి ఎంతకాలం ఉందో ముందు రాసుకోవాలి, మిగతావన్నీ దాన్నిబట్టి ఎంచాలి. నేనైతే ఆ మే నెల నుంచి ఎవరు సలహాకు వచ్చినా ఎంతలో కావాలని అడిగే ముందు ఎన్నాళ్లకు కావాలని అడిగాను. ఈ యేటికే చాలన్నవాళ్లకు ఆ యేటికి పనికొచ్చేదే కొనిపించాను.