కూత ఆట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ పెత్తనం చేసిన మాట డ్యూటీ. నాన్న బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫిట్టరు. ఆయన డ్యూటీకి వెళ్తే ఇల్లంతా మాది. డ్యూటీ దిగి పడుకుంటే గట్టిగా తుమ్మడానికి కూడా వీల్లేదు. పార్వతీపురం వైపు నుంచి వచ్చి రైల్వేలో చేరిన కుటుంబాలు మా క్వార్టర్ల వరసలో చాలా ఉండేవి, అందరి ఇళ్లలోనూ ఇదే తంతు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ డ్యూటీ అనేది ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ అయిపోతుందో అని నాకెప్పుడూ అనుమానం రాలేదు. పక్కింటి బావ పోయాకే వచ్చింది.

ఆయన మాకు చుట్టం కాదు. ఆయన భార్యని నేను అక్కా అని పిలిచేదాన్ని కాబట్టి ఆయన బావ అయ్యాడు. మా నాన్నలాగే ఆయనా షెడ్డు బ్రేక్‌డౌన్ గ్యాంగులో ఉండేవాడు. ఎక్కడైనా బండి పట్టాలు తప్పితే షెడ్డు కూత ఆగకుండా మోగేది. అది వినగానే గ్యాంగు వాళ్లు పరుగెత్తుకెళ్లి, క్రేను తగిలించిన బండి ఎక్కి, ప్రమాదం జరిగిన చోటికి పోయి, చిక్కుకున్నవాళ్లని బయటికి లాగేవారు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం కూత మోగేసరికి బావ అన్నం తింటున్నాడు. ఆ రోజు ఆయనకి రెస్టు. అయినా చెయ్యి కడుక్కుని, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే వెళ్లిపోయాడు. నెలల పిల్లాడిని ఎత్తుకుని అక్క గుమ్మంలో నిలబడింది. గూడ్సు ఇంజను ఒక పక్కకి ఒరిగిపోయి, డ్రైవరు దాని కింద ఇరుక్కున్నాడట. బావ లోపలికి దూరి అతన్ని బయటికి తోశాడు. తను వచ్చేలోగా ఇంజను ఇంకాస్త ఒరిగింది. డ్రైవరు బతికాడు, బావ లేడు.

పనిలో ప్రాణం పోతే ఇంటివాళ్లకి పరిహారం ఇవ్వాలని అప్పటికే చట్టం వచ్చింది. అక్కకి వస్తుందనే అందరూ అనుకున్నారు. షెడ్డు ఆఫీసు మాత్రం కాదంది. రెస్టులో ఉన్న మనిషి, ఎవరూ రమ్మనలేదు, తనంతట తనే వెళ్లాడు, అది డ్యూటీ కిందికి రాదు అంది. క్వార్టరు కూడా ఖాళీ చెయ్యమంది. అక్కకి తల్లీ తండ్రీ లేరు. పాలకొండ దగ్గర అన్న ఇల్లు ఒకటుంది గానీ, అక్కడ పిల్లాడితో సహా ఎన్నాళ్లు ఉండనిస్తారో ఆమెకే నమ్మకం లేదు.

నన్ను మాత్రం ఒకటే ప్రశ్న తొలిచేసేది. రెస్టులో ఉన్న మనిషి వెళ్లి రైల్వే ఇంజను కింద పడితే, అప్పుడాయన ఎవరి మనిషి? అమ్మనడిగితే, “నీకెందుకే గుంటా, ఊరుకో” అంది. నాన్ననడిగితే చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకి సర్కారు తరఫున విచారణ చెయ్యడానికి ఒక పెద్దాయన వచ్చాడు. నాగపూర్ వైపు మనిషి. తలకి పాగా, చంకలో గొడుగు. మా వరస చివర ఉన్న పెద్ద వరండాలో కుర్చీ వేశారు. పక్క కుర్చీలో షెడ్డు ఫోర్‌మన్ కూర్చున్నాడు. ఎదురుగా గ్యాంగు వాళ్లు, స్తంభం దగ్గర అక్క. రెస్టులో ఉన్నవాడు కూడా కూత వింటే రావాలని రూలు ఉందా అని పెద్దాయన ఒక్కొక్కరినే అడిగాడు. ఒక్కొక్కరూ ఫోర్‌మన్ వైపు చూసి, తెలీదు సాబ్ అన్నారు. మా నాన్న కూడా అదే అన్నాడు. కుళాయి దగ్గర పిల్లలతో ఆడుకుంటున్న నాకు ఆ మాట వినపడి విచిత్రంగా అనిపించింది. నాన్నకి తెలియకపోవడమేమిటి?

పెద్దాయన కాసేపటికి నడుం పట్టేసిందంటూ లేచాడు. ఫోర్‌మన్ కూడా లేవబోతే వద్దని చెయ్యి ఊపి, ఒక్కడే మా వైపు నడిచొచ్చాడు.

మేము కూత ఆట ఆడుతున్నాం. అది మా కాలనీ పిల్లలు కట్టుకున్న ఆట. బావ పోయాక అమ్మలు ఆడొద్దన్నారు గానీ, కొన్నాళ్లకి మళ్లీ మొదలెట్టేశాం. కొందరు డ్యూటీలో ఉన్నట్టు, కొందరు రెస్టులో పడుకున్నట్టు నటిస్తారు. ఒకరు దోసిలి నోటికి పెట్టుకుని కూత వేస్తారు. అందరూ పరుగెత్తి గోడని ముట్టుకోవాలి. అదే మా క్రేను బండి. ఆ పూట రెస్టు వేషం వేసిన వాడొకడు నిజంగానే కునుకు తీశాడు. మేమంతా మీదపడి జుర్మానా, జుర్మానా అని అరుస్తూ వాడి చింతపిక్కలు లాక్కున్నాం.

పెద్దాయన గొడుగు మీద రెండు చేతులూ ఆనించి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత హిందీలో అడిగాడు. వాడు రెస్టులో ఉన్నాడు కదా, మరి జుర్మానా ఎందుకు?

ఇంత పెద్ద మనిషికి ఇది కూడా తెలియదా అని నాకు నవ్వొచ్చింది. వచ్చీరాని హిందీలో, మధ్యలో మా మాటలు కలిపేసి చెప్పాను. “కూత పడితే రెస్టేటి, డ్యూటీయేటి? రాకపోతే జీతం కోసేస్తారు. హోళీకి మా నాన్నకి కూడా...”

“బస్ బేటీ,” అంటూ ఆయన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. మీ నాన్న ఎవరో నాకు చెప్పకు అన్నాడు. నువ్వు చెప్పిన మాట నేను వాడుకోను, నాకు ఏం అడగాలో తెలిసింది, అంతే చాలు అన్నాడు. నా తల నిమిరి వెనక్కి వెళ్లాడు. అప్పటికిగానీ నాకు భయం వెయ్యలేదు. నేను ఆటలోకి మళ్లీ వెళ్లలేదు, వరండా మెట్ల దాకా వెళ్లి నిలబడ్డాను.

ఆయన కుర్చీలో కూర్చుని, ఈసారి ఎవరి వైపూ చూడకుండా అందరినీ కలిపి అడిగాడు. “రూలు సంగతి వదిలేయండి. రెస్టులో ఉండి, కూత విని రానందుకు మీలో ఎవరికైనా జీతం కోశారా?”

అక్క ఒళ్లో పిల్లాడు ఏదో శబ్దం చేస్తున్నాడు. నాన్న ఫోర్‌మన్ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. ఒక అడుగు ముందుకు వేశాడు.

“నాకు కోశారు సాబ్. హోళీ రోజున జొరంతో పడుకున్నాను.”

ఆ తర్వాత ఇంకొకాయన వచ్చాడు. ఆ వెనక ఇంకొకరు. ఫోర్‌మన్‌ని అడిగితే ఆయనా కాదనలేదు. రాకపోతే తప్పు అయినప్పుడు, వచ్చినవాడు డ్యూటీలో ఉన్నట్టే కదా అన్నాడు పెద్దాయన. ఆ మాట ఆయన కోపంగా అనలేదు. తనకి తనే చెప్పుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు.

అక్కకి పరిహారం వచ్చింది. ఒక్కసారే చేతికిస్తే ఎవరైనా లాక్కుంటారని, సర్కారు దగ్గరే ఉంచి నెలనెలా ఇచ్చే ఏర్పాటు చేశారు. అక్క ఊళ్లోనే తోర్వా పేటలో చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని, గేదెని కొని, కాలనీకి పాలు పోస్తూ పిల్లాడిని చదివించింది. ఆ ఏడు రావాల్సిన ప్రమోషన్ మా నాన్నకి రాలేదు. ఇందుకే రాలేదో, మరెందుకో నాకు తెలియదు. ఆయన ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

అప్పట్లో నేను ఆయన్ని ఒకటే అడిగాను. “ముందర తెలీదన్నావేటి నాన్నా?”

“ముందర రూలు అడిగాడమ్మా. రూలు మాకెవుడు సెప్పాడు? తరవాత మాకు జరిగింది అడిగాడు. జరిగింది తెలీదని ఎలగంటాను?”

పెద్దయ్యాక నేను బిలాస్‌పూర్‌లోనే బళ్లో టీచరునయ్యాను. పిల్లలు ‘తెలీదు’ అన్నప్పుడల్లా వాళ్లకి నిజంగా తెలియదని ఒప్పుకోవడానికి నాకు మనసొప్పేది కాదు. నేను అడిగిన తీరు సరిగ్గా లేదేమోనని ముందు చూసుకునేదాన్ని. ఈ ఎనభై ఏళ్లు దాటిన వయసులోనూ అదే అలవాటు. మొన్న మా మునిమనవరాలు బడి నుంచి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా మూల కూర్చుంది. ఏమైందని ఇంట్లో అందరూ అడిగారు. ఏం కాలేదు అంది. నేను పక్కన కూర్చుని, రేపు నువ్వు బడికి వెళ్లకపోతే ఏమవుతుందమ్మా అని అడిగాను. అది నా ఒళ్లో తల పెట్టుకుని, మొదటి నుంచీ అంతా చెప్పింది.