నేనున్నంతసేపూ బాగుండే కంప్యూటరు

అది 1989. ఆదోనిలో టైపు మిషన్లు, క్యాలిక్యులేటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేసేవాణ్ణి. మా ఓనరు నన్ను కొన్నాళ్ళు హైదరాబాదు పంపి కంప్యూటర్ల పని నేర్పించాడు. పత్తి వ్యాపారుల ఆఫీసుల్లోకి అప్పుడప్పుడే ఒకటీ అరా కంప్యూటర్లు వస్తున్నాయి. వాటన్నిటికీ నేనే వైద్యుణ్ణి కాబట్టి కొంచెం కాలర్ ఎగరేసుకునే తిరిగేవాణ్ణి. ఆ పొగరు దించింది ఎమ్మిగనూరులో ఒక నేతగాళ్ళ ఇల్లు.

ఆ ఇంటి పెద్ద నాగప్ప. ఆయన కూతురు పుష్ప ఆదోనిలో బీకాం చదివి, అక్కడే ఒక పత్తి వ్యాపారి ఆఫీసులో కంప్యూటరు మీద బిల్లులు, ఉత్తరాలు కొట్టేది. తల్లికి మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, ఇల్లు చూసుకునేవాళ్ళు లేక ఉద్యోగం మానేస్తానంది. పనిమంతురాలిని పోగొట్టుకోవడం ఇష్టంలేని ఆ వ్యాపారి ఒక పాత కంప్యూటరును ఆమె ఇంటికే ఇప్పించాడు. ఇంట్లో కూర్చుని పనిచేసి ఫ్లాపీల్లో పంపితే చాలన్నాడు. ఫ్లాపీ అంటే రాసిందంతా దాచుకునే పల్చటి చదరపు అట్టలాంటిది. ఆ రోజుల్లో ఇంటి దగ్గర కూర్చుని ఒక ఆడపిల్ల ఇలాంటి పని చేయడం నేనైతే మరెక్కడా చూడలేదు.

ఆ కంప్యూటరులో హార్డ్ డిస్క్ కొత్తది వేశాం. హార్డ్ డిస్క్ అంటే లోపల గిర్రున తిరిగే పళ్ళెం. దాన్ని తగిలీ తగలనట్టుగా ఒక ముల్లు కదులుతూ రాస్తుంది, చదువుతుంది. కొత్త పళ్ళేన్ని ముందు ఫార్మాట్ చేయాలి, అంటే రాయడానికి వీలుగా గళ్ళు గీయాలి. ఆ తర్వాత డాస్ ఎక్కించాలి. డాస్ అనేది ఆపరేటింగ్ సిస్టమ్. అది లేకపోతే కంప్యూటరు ఉత్త రేకుడబ్బా.

మొదటిసారి పోయినప్పుడు నాగప్ప మగ్గం గుంటలోంచి పైకొచ్చి, చేతులు తుడుచుకుని, నా పక్కన చాప మీద కూర్చున్నాడు. చుట్టం గడపలోకి వస్తే మగ్గం ఆపి లేవడం ఆ ఇంటి మర్యాద. కంప్యూటరు కోసం మగ్గం గుంజకే ఒక మందపాటి బల్ల కొట్టించారు.

"ఇంట్లో దీనికన్నా గట్టిది ఇంగోటి లేదప్పా. మా నాయన నాటించిన గుంజ" అన్నాడాయన గుంజను తట్టి చూపిస్తూ.

నేనూ బల్లను ఊపి చూసి మెచ్చుకున్నాను. ఫార్మాట్ అంటే ఏమిటని అడిగితే, నేతకు ముందు పడుగు సరిచేసుకోవడం లాంటిదని చెప్పాను. ఆయనకు వెంటనే అర్థమైంది. పని సాఫీగా అయిపోయింది. వాళ్ళ కాఫీ తాగి, ఆదోని బస్సెక్కాను.

రెండోరోజే నూలు అంగడి నుంచి పుష్ప ఫోన్ చేసింది.

"జిలానీ అన్నా, మళ్ళా పోయినాది. తెర మీద ఏందేందో వస్తాండాది."

"నువ్వేం చేసినావమ్మా?"

"ఏమీ చేయల్యా అన్నా. మేం ఎప్పుడూ ఉండేట్టే ఉండాం."

మళ్ళీ పోయాను. డాస్ దెబ్బతింది. హార్డ్ డిస్క్ మీద రాయడానికి పనికిరాని మచ్చలు పడ్డాయి. వాటిని బ్యాడ్ సెక్టర్లు అంటారు. కరెంటు ఎక్కువ తక్కువ అవుతోందని అనుమానించి, మా దుకాణంలోని స్టెబిలైజర్ తెచ్చి పెట్టాను. మళ్ళీ ఫార్మాట్, మళ్ళీ డాస్. నేను కూర్చున్నంతసేపూ అది బుద్ధిమంతురాలు. నాగప్ప పక్కనే కూర్చుని నవ్వాడు.

"నిన్ను సూస్తే దీనికి భయమప్పా. నువ్వు బస్సెక్కితే మొరాయిస్తాది. నిన్నే ఈ గుంజకు కట్టేసుకుంటే సరిపోతాదేమో!"

నాకు నవ్వు రాలేదు. వారం తిరక్కుండానే మళ్ళీ ఫోనొచ్చింది. ఈసారి పుష్ప గొంతు వేరేగా ఉంది.

"మా ఆఫీసాయన సోమవారం దాకా సూస్తాడంట అన్నా. బాగు కాకుంటే మిషను తీసకపోయి వేరేవాళ్ళకు ఇస్తాడంట. ఈ పని పోతే నేను ఈడ ఇంగేం చేయల్ల?"

ఆ మాటకు నా మనసు చివుక్కుమంది. కంప్యూటరును ఆదోనికి తెప్పించి మా దుకాణంలో నడిపి చూశాను. ఒక్క తప్పూ రాలేదు. ఇంకో వింత ఏమిటంటే, ఆ మచ్చలు ఒక్కోసారి ఒక్కోచోట కనిపిస్తున్నాయి. డిస్క్ నిజంగా పాడైతే అవి ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. డిస్క్ తప్పు కాదని తెలిసింది, తప్పెవరిదో మాత్రం అంతుపట్టలేదు. మా ఓనరు కూడా నా వంక అదోలా చూడటం మొదలుపెట్టాడు.

శనివారం నాడు ఆ కంప్యూటరును ఎమ్మిగనూరు తీసుకుపోయి, అదే బల్ల మీద పెట్టాను. ఈసారి అంతా మొదటినుంచి చేద్దామని ఫార్మాట్ మొదలుపెట్టాను. నాగప్ప మామూలుగానే గుంటలోంచి లేవబోయాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది, అది ఆ సాయంత్రానికే ఇవ్వాలి. లోపల్నుంచి ఆయన భార్య కేకేసింది.

"యాడికి లేస్తావు? జిలానీ ఏమన్నా చుట్టమా? పిల్ల అన్నా అంటాంటే మనకు కొడుకే గదా. నువ్వు నేయి."

ఆయన నావైపు మొహమాటంగా చూశాడు. నేను తలూపాను. ఆయన మళ్ళీ కూర్చుని నేత మొదలుపెట్టాడు. పోగును మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తుతోంది, పోగు పడ్డప్పుడల్లా మగ్గం పలకతో దబ్బున గుద్దుతున్నాడు. తెర మీద అంకెలు వరసగా పెరుగుతున్నవి కాస్తా తడబడ్డాయి. తర్వాత నిలిచిపోయాయి. కీబోర్డు మీద పెట్టిన నా వేళ్ళకు సన్నటి అదురు తెలిసింది.

"ఆపు చిన్నాయనా!" అని అరిచాను.

ఆయన బెదిరిపోయి ఆపాడు. ఫార్మాట్ మళ్ళీ మొదలుపెడితే అంకెలు తడబడకుండా పరిగెత్తాయి.

"ఇప్పుడు నేయి."

నేశాడు. అంకెలు ఆగిపోయాయి. పుష్ప నోరు తెరుచుకుని తెరనూ, గుంజనూ, వాళ్ళ నాయననూ మార్చి మార్చి చూసింది.

"అయ్యో అన్నా! పొద్దన లేస్తే మగ్గం ఆడతానే ఉంటాది. అది మాకు ఇనపడనే ఇనపడదు!"

ఇంట్లో అన్నిటికన్నా గట్టిదని గుంజకు బల్ల కొట్టారు. ఆ గుంజే ప్రతి దెబ్బనూ తెచ్చి హార్డ్ డిస్క్‌లోని ముల్లుకు అందిస్తోంది. నేనొచ్చినప్పుడల్లా మర్యాదకు మగ్గం ఆపారు కాబట్టి నా కళ్ళముందు ఆ జబ్బు ఒక్కసారీ బయటపడలేదు. నాకు ఎంత సంతోషమైందంటే, ఆ సంతోషంలో వాళ్ళింట్లో పెట్టిన జొన్నరొట్టెలు ఎన్ని తిన్నానో నాకే తెలీదు.

బల్ల ఊడదీసి, మగ్గానికి దూరంగా వంటింటి పక్క గదిలో వేశాం. కాళ్ళ కింద పాత టైరు ముక్కలు పెట్టాం. డాస్ ఎక్కించి, పుష్పను ఉత్తరం కొట్టమని, నాగప్పను నేయమని, మధ్యలో నేను నిలబడి చూశాను. రెండూ హాయిగా నడిచాయి. సోమవారం పొద్దున్నే పుష్ప ఫ్లాపీ ఆదోనికి చేరింది. ఆ తర్వాత కూడా ఆ ఉద్యోగం ఆమె చేతిలోనే ఉంది.

అప్పటినుంచి ఎవరింటికి పోయినా నేను మొదట అడిగేది ఒకటే: "నన్ను చుట్టంలా చూడకండి. నేను లేనప్పుడు ఎట్లా ఉంటారో అట్లాగే ఉండండి." ఈ మాటకు కొందరు నవ్వేవారు, కొందరు వింతగా చూసేవారు.

ఆ ఇంటికి తర్వాత కూడా చాలాసార్లు పోయాను, ఎక్కువసార్లు పనిలేకుండానే. గడప తొక్కగానే మగ్గం చప్పుడు వినపడేది. నాగప్ప లేచేవాడు కాదు. తల కూడా ఎత్తకుండా, "వచ్చినావా అప్పా, కూర్సో" అనేవాడు. మగ్గం ఆగేది కాదు. నా పనిలో చాలామంది చాలా మర్యాదలు చేశారు. అంతకన్నా పెద్ద మర్యాద నాకెవరూ చేయలేదు.